కారణం గడిలో భాగీరథి రాసినవి

లింబాయత్‌లో భాగీరథి ఇంటి ముందు ఏ పొద్దు చూసినా ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు. రేషన్ కార్డులో పేరెక్కాలన్నా, పిల్లను బడిలో వెయ్యాలన్నా, కరెంటు బిల్లు అన్యాయంగా వచ్చిందని మొరపెట్టుకోవాలన్నా, ఆ గల్లీలో తెలుగువాళ్లకు గుజరాతీలో రాసిపెట్టే మనిషి ఆమె ఒక్కతే. తండ్రి సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చినప్పుడు ఆమె తల్లి కడుపులో ఉంది. పుట్టిందిక్కడే, పది దాకా చదివింది గుజరాతీ బడిలోనే. ఇప్పుడామెకు నలభై ఒకటి. సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో పార్సిళ్ల మీద చిరునామాలు రాయడం ఉద్యోగం.

మూడు భాషలొచ్చినవాళ్లకు లోకం మూడింతలు అర్థమవుతుందంటారు. భాగీరథికి మాత్రం ఒకటే అర్థమైంది. ఏ పని కావాలన్నా మూడు భాషల్లోనూ కావలసింది ఒకటే. దాన్ని దుకాణం సేఠ్ ‘ఓళఖాణ్’ అంటాడు, పరిచయమని. పరిచయం కాస్త ముదిరితే ‘లాగవగ్’. పక్కింటి బిహారీ ఆమె ‘సిఫారిష్’ అంటుంది. సొంత గల్లీలో అది ‘పైరవి’. తెలుగు పేపరువాళ్లు మాత్రం దానికి పట్టుబట్టలు కట్టి కూర్చోబెట్టారు. ఒకరోజు భాగీరథి ఫోన్లో వార్తలు చదివి వినిపిస్తుంటే ‘ఆశ్రిత పక్షపాతం’ అన్న మాట వచ్చింది. మంచంమీద కూర్చున్న అత్త వెంకటవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆపి, “పాపం, ఏ పక్క పడిపోయింది?” అనడిగింది.

“పడిపోవుడు గాదత్తమ్మా. వాళ్లోళ్లకే పనులు చేసుకునుడు.”

“గంతేనా? దానికి గింత పెద్ద పేరెందుకు? ‘మనోడు’ అంటె సరిపాయె గద.”

వెంకటవ్వ చదువుకోలేదు గాని ఏ నిఘంటువూ చేయలేని పని ఒక్క మాటలో చేసింది.

ఆ ఊళ్లో తెలుగువాళ్లకొక మిత్రమండలి ఉంది. అధ్యక్షుడు ఉమామహేశ్వరరావు. కోస్తా నుంచి వచ్చి కామ్‌రేజ్ దగ్గర హైవే మీద టిఫిన్ హోటలు పెట్టి బాగా నిలదొక్కుకున్నాడు. మనిషి మంచివాడు. ఎవరికి అన్నది వేరే సంగతి. మిత్రమండలి అని ఆ పేరెవరు పెట్టారో గాని ఆయన దాన్ని అక్షరాలా నిలబెట్టాడు. ఆయన హయాంలో మిత్రులకు ఏ లోటూ రాలేదు.

రెండువేల ఇరవైలో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. ఊరి బయట పల్సానాలో మగ్గాల షెడ్ల దగ్గర ఒక్కో గదిలో ఎనిమిదేసిమంది, పదేసిమంది మగవాళ్లు వంతులవారీగా పడుకుంటూ, ఎప్పుడు ఊరికి పోదామా అని గోడలు చూస్తూ కూర్చున్నారు. మే నెల మొదట్లో మండలి దరఖాస్తు పెట్టుకుంటే తాలూకా ఆఫీసు రెండు బస్సులకు ఒప్పుకుంది. కరీంనగర్ దాకా, బస్సుకు ముప్పైమంది. పోతామని పేర్లిచ్చినవాళ్లు రెండువందల పద్నాలుగుమంది. జాబితా గుజరాతీలో ఇవ్వాలి. అందులో నాలుగు గడులు: పేరు, వయసు, చేరవలసిన ఊరు, కారణం.

ఉమామహేశ్వరరావుకు గుజరాతీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇరవై ఏళ్లుగా ఆ అవసరం పడలేదు. పడ్డప్పుడల్లా ఎవరో ఒక మిత్రుడు ఉండేవాడు. ఈసారి భాగీరథికి కబురు పెట్టాడు.

“నువ్వైతే ఊరికి పోవట్లేదు కాబట్టి నీకు స్వార్థముండదమ్మా,” అన్నాడు, మండలి గదిలో కుర్చీ దూరంగా జరిపించి కూర్చోబెడుతూ. మాస్కు గడ్డం కింద ఉంది. బయట స్కూటరుకు ‘అత్యవసర సేవ’ అని పాసు అంటించి ఉంది. హోటలు మూతపడి నలభై రోజులైనా ఇడ్లీ అత్యవసరం కాకుండా పోలేదు.

ఆయన చెబుతుంటే ఆమె చిత్తుప్రతి రాసుకుంది. మొదట నలభై పేర్లు సరిగ్గానే ఉన్నాయి. మందులు అయిపోయిన ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, తండ్రి చనిపోయినా పోలేకపోయినవాడొకడు. తరువాత ఆయన గొంతులో కొంచెం గౌరవం పెరిగింది.

“మురళీకృష్ణ, శ్రీప్రియ దంపతులు. అనివార్య కుటుంబ బాధ్యత.”

మురళీకృష్ణ రంగుల ఏజెంటు. అధ్యక్షుడి పేకాట జోడీ. శ్రీప్రియ పుట్టింటివాళ్లకు జగిత్యాల దగ్గర మామిడితోట ఉందనీ, ఆవకాయ అదును దాటిపోతోందని ఆమె బెంగ పెట్టుకుందనీ గల్లీ అంతటికీ తెలుసు.

“ఉషాదేవి. మానసిక ఆరోగ్యం.”

ఉషాదేవి అధ్యక్షుడి భార్యకు అక్క. నలభై రోజులుగా తోడికోడలితో ఒకే వంటింట్లో ఉండటంతో ఆమె మానసిక ఆరోగ్యం నిజంగానే కొంత దెబ్బతిన్నది. తోడికోడలిది ఇంకా ఎక్కువ దెబ్బతిన్నదని చూసినవాళ్లన్నారు.

“చంటి. ప్రయాణికుల పర్యవేక్షకుడు.”

చంటి ఆయన మేనల్లుడు. ఫిబ్రవరిలో కొన్న బైకు ఊళ్లో ఉండిపోయింది.

ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్క మంచిమాట దొరికింది. భాగీరథి లోలోపల మెచ్చుకుంది కూడా. ‘నావాళ్లు’ అన్న మాటను పద్దెనిమిది రకాలుగా, ఒకటి మళ్లీ రాకుండా చెప్పడం మాటలు కాదు. అరవయ్యో పేరు దగ్గర ఆయన ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీ తమ్ముడు పల్సానాలో ఉన్నాడు కదూ. పేరు?”

“చిరంజీవి. కని వానికి గంత అర్జంటేం లేదు సార్.”

“అర్జంటు మనం పెడదాం. మనవాడే కదమ్మా.”

నిజం చెప్పుకోవాలంటే ఆ క్షణాన భాగీరథికి సంతోషమే వేసింది. ఎప్పుడూ అవతలివాళ్లకే దక్కే ‘మనవాడు’ అన్న మాట మొదటిసారి తన వాకిట్లో పడింది. ఇంటికి పోతూనే తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు సాయంత్రానికల్లా పాలబండి ఎక్కి, సంచీతో సహా లింబాయత్‌కు దిగిపోయాడు.

మరునాడు పొద్దున్నే రాజమౌళి వచ్చాడు. మగ్గం పనివాడు, ముప్పై ఏళ్లుంటాయి. భార్య సిరిసిల్ల దగ్గర తల్లిగారింట్లో తొమ్మిదో నెలతో ఉంది. తొలిచూలు. పోలీసులను తప్పించుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు నడిచివచ్చి, గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

“అక్కా, నా పేరున్నదా?”

“లేదు తమ్మీ.”

అతను కోపం తెచ్చుకోలేదు. “కారణం సక్కగ రాసినవా అక్కా? తొమ్మిదో నెల పడ్డదని రాసినవా? నేను ఫోన్ల సరిగ్గ చెప్పలేదో ఏమో. ఇంట్ల మగదిక్కు లేదని గూడ రాస్తె బాగుండేది,” అన్నాడు.

తన కారణం బలంగా లేక ఓడిపోయిందని అతని నమ్మకం. తొమ్మిదో నెల గర్భాన్ని ఆవకాయ ఓడించిందని చెప్పడానికి భాగీరథికి నోరు రాలేదు. లోపల గదిలో చిరంజీవి అద్దం ముందు నిలబడి కొత్త మాస్కు సర్దుకుంటున్నాడు. రాజమౌళికి మంచినీళ్లిచ్చింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ తొమ్మిది కిలోమీటర్లు నడవడానికి బయల్దేరాడు.

భాగీరథి మంచి కాపీ రాయడానికి కూర్చుంది గాని కలం సాగలేదు. భర్త బ్రహ్మచారి పక్కన కూర్చుని పాత ఫ్యానుకు బేరింగు మారుస్తున్నాడు. మగ్గాలు బాగుచేసే మెకానిక్. పనుల్లేక ఇంట్లో వస్తువులన్నీ రెండేసిసార్లు బాగుచేశాడు.

“చూసినవా, ఎంత అన్యాలమో. అంత పైరవే,” అంది.

బ్రహ్మచారి తల ఎత్తలేదు. “నన్ను మిల్లుల పెట్టించింది మీ నాయిననే గద. ఆ దినం నాకంటె పనొచ్చినోళ్లు నలుగురు లైన్ల నిలబడ్డరు.”

“అది వేరు.”

“అవ్, వేరే. మనకైతె దాన్ని మర్యాద అంటరు.”

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఒక్క పేరు తీసెయ్యలేదు, ఒక్క పేరు చేర్చలేదు. అధ్యక్షుడు చెప్పిన వరుస చెప్పినట్టే ఉంచింది. నలభైఒకటో పేరు నుంచి కారణం గడి ఒక్కటి మార్చింది. మురళీకృష్ణ దంపతులకు ‘ఆవకాయ పెట్టడం, అధ్యక్షుడితో ఓళఖాణ్’ అని. ఉషాదేవికి ‘తోడికోడలితో పడకపోవడం, అధ్యక్షుడి భార్యకు అక్క’ అని. చంటికి ‘బైకు ఊళ్లో ఉంది, మేనల్లుడు’ అని. అచ్చమైన గుజరాతీలో, పార్సిలు మీద చిరునామా రాసినంత గుండ్రంగా. అరవయ్యో పేరు దగ్గరికొచ్చేసరికి చిరంజీవి వెనకనుంచి, “అక్కా, బస్సుల కిటికి పక్కన సీటు మనమే రాసుకోవచ్చా?” అని అడుగుతున్నాడు. ‘జాబితా రాసినామెకు తమ్ముడు’ అని రాసి గీత గీసింది.

ఉమామహేశ్వరరావు స్కూటరు దిగకుండానే మూడు కాపీలూ తిరగేశాడు. “అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా,” అన్నాడు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టి మండలి ముద్ర వేసి పట్టుకుపోయాడు. ముద్ర కూడా సరిగ్గా కారణం గడి కిందనే పడింది.

రెండోరోజు మధ్యాహ్నం మళ్లీ స్కూటరు ఆగింది. ఈసారి ఆయన దిగాడు. జాబితా తిరిగొచ్చింది. మొదటి పేజీ పైన ఎర్రసిరాతో ఐదు వరుసలున్నాయి.

“ఏదో రాశారమ్మా. అభినందనో ఏమో. చదువు.”

భాగీరథి కొంగుతో చేయి తుడుచుకుని కాగితం అందుకుంది. గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది. “క్రమసంఖ్య నలభైఒకటి నుంచి అరవై వరకు ప్రయాణానికి కారణం ఓళఖాణ్ అని గాని, చుట్టరికం అని గాని చూపినారు. సదరు ఓళఖాణ్ ఎప్పటినుంచి ఉన్నది, దానివల్ల ప్రయాణం ఏ విధంగా అత్యవసరమైనది అనేదానికి రుజువులు జతపరచవలెను. లేనిచో ఆ ఇరవై పేర్లు తొలగించి, వేరే పేర్లు సాయంత్రం ఐదు గంటల లోపల ఇవ్వవలెను.”

ఆ గుమస్తా ఎవరో ఎవరికీ తెలియదు. ఎన్నేళ్లుగా ఎన్ని ‘అనివార్య బాధ్యతలు’ చదివి చదివి విసిగిపోయాడో, నిజం కనబడేసరికి రూలు ప్రకారం దానికి కూడా రుజువు అడిగాడు.

ఉమామహేశ్వరరావు గోడకు చేయి ఆనించాడు. “ఓళఖాణ్ అని ఎవరు రాశారు?”

“నేనే సార్.”

“నేను చెప్పింది అది కాదు కదా.”

“మీరు చెప్పింది గదే సార్. నేను గుజరాతీల రాసిన.”

“ఆవకాయ అని నేనెప్పుడు చెప్పానమ్మా?”

“అనివార్య కుటుంబ బాధ్యత అన్నరు. శ్రీప్రియమ్మకు అనివార్యమైంది గదొక్కటే కనబడ్డది.”

ఆయన ముఖం కందగడ్డ అయింది. “నన్ను బజార్లో పెట్టేశావు.”

“బజారు బందున్నది గద సార్,” అంది భాగీరథి. వెటకారానికి కాదు, నోటికి అలా వచ్చింది. మంచంమీద నుంచి వెంకటవ్వ మాత్రం గట్టిగానే నవ్వింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. అరుగు మీద కూర్చున్నాడు. మాస్కు పైకి లాక్కున్నాడు, బహుశా ముఖం కనబడకుండా. “సరే, జరిగిందేదో జరిగింది. మళ్లీ రాద్దాం. వేరే కారణాలు.”

“రాస్త సార్. అయితె ఆ గుమస్తకు ఇప్పుడు ఎరికయిపాయె. ఏం రాసినా రుజువు అడుగుతడు. మామిడికాయలు జతపరచమంటె ఏం చేద్దాం? బైకు ఆర్సీ అయితె చంటి దగ్గర ఉంటది.”

గడియారం రెండున్నర చూపిస్తోంది. ఆయన మురళీకృష్ణకు ఫోన్ చేశాడు. ఇది నా చేతుల్లో లేదు, ఆఫీసువాళ్లు మరీ కఠినంగా ఉన్నారు, దేశంలో నియమాలు పాటించేవాళ్లు ఉండటమే మన దురదృష్టం అన్న ధోరణిలో కాసేపు మాట్లాడాడు. అవతలనుంచి ఆవకాయ గురించి ఏదో వినబడింది. ఫోన్ పెట్టేసి, “రాయి. ఎవర్ని రాస్తావో రాయి,” అన్నాడు.

భాగీరథి నోటుబుక్కు తెరిచింది. రాజమౌళి పేరు మొదట రాసింది. తరువాత మిగిలిన నూటయాభైమందిలోనుంచి పందొమ్మిదిమందిని ఏరింది. కిడ్నీ జబ్బు మనిషి, పెళ్లి ఆగిపోయిన పిల్ల, పాలమాన్పించిన బిడ్డను ఊళ్లో వదిలివచ్చిన తల్లి. పందొమ్మిదిమందిని ఏరడమంటే నూటముప్పైమందిని కాదనడం. ఆ గంటన్నరలో ఉమామహేశ్వరరావు మీద ఆమెకు కోపం కొంత తగ్గింది కూడా. తెలిసినవాళ్లను తీసుకుంటే అంత ఆలోచించే పని ఉండదు.

రాజమౌళి పేరు దగ్గర అధ్యక్షుడు తలూపాడు. “రాజమౌళి మనవాడే. మంచి కుర్రాడు,” అన్నాడు. ఆ నిమిషందాకా ఆయన ఆ పేరు వినను కూడా లేదు.

చిరంజీవి లోపలినుంచి అంతా విన్నాడు. కాపీలు పట్టుకుని స్కూటరు పోయాక బయటికొచ్చాడు. కాళ్లకు బూట్లు వేసుకునే ఉన్నాడు.

“అందరికి అక్కలుంటరు. నాకు మాత్రం కలెక్టరున్నది,” అన్నాడు.

“నీకు అక్కడ ఏం పనున్నదిరా?”

“ఏం పనుంటేంది? దోస్తులందరు పోతున్నరు. నా పేరెక్కిన కాగితాన్ని నువ్వే ఆగం చేసినవ్. నీ చేత్తోని.”

బూట్లు విప్పి ఒక మూలకు విసిరి, వెనక గదిలోకి పోయి పడుకున్నాడు. ఆ గదిలోనుంచి అక్కతో మాట్లాడకుండా, ఆమె వండినది మాత్రం తింటూ, అలకకు కూడా ఒక క్రమశిక్షణ ఉంటుందని నిరూపించాడు. కూరలో ఉప్పు తక్కువైతే వెంకటవ్వకు చెప్పేవాడు. వెంకటవ్వ అటు తిరిగి కోడలికి చెప్పేది. అక్కాతమ్ముళ్లిద్దరి మధ్యా దూరం నాలుగడుగులే.

బస్సులు కదిలిన రోజు ఉమామహేశ్వరరావు రాజమౌళి భుజానికి కాస్త ఎడంగా చేయి గాల్లో ఆనించి ఫొటో తీయించుకున్నాడు. ‘గర్భవతి భర్తకు ప్రాధాన్యం: మండలి మానవతా దృక్పథం’ అని ఆ సాయంత్రం మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వందమంది చేతులు జోడించారు. మురళీకృష్ణ జోడించలేదు. మండలికి తరువాతి నెలలో గుజరాతీ రాయడానికి వేరే మనిషిని చూసుకున్నారని భాగీరథికి తెలిసింది. ఆ కొత్త మనిషికి రాత అంత బాగుండదట గాని, చెప్పింది చెప్పినట్టు రాస్తాడట.

బస్సు ఊరు చేరిందని కబురొచ్చింది. కాని సూరత్ నుంచి వచ్చారంటే ఆ రోజుల్లో ఊళ్లో పామును చూసినట్టు చూసేవాళ్లు. రాజమౌళి అత్తగారి ఊళ్లో దిగిన ఇరవైఒక్కమందినీ అక్కడి బడిలో పద్నాలుగు రోజులు ఉంచారు. నాలుగోరోజు రాజమౌళి ఫోన్ చేశాడు.

“అక్కా, బిడ్డ పుట్టింది.”

“మంచిగున్నరా ఇద్దరు?”

“మంచిగున్నరు. ఇంటికి బడికి నడుమ రెండు గల్లీలే. ఏడుస్తె ఇనవడుతదేమో అని చెవులు పెట్టుకొని కూసుంటున్న.” గొంతు సన్నం చేశాడు. “అక్కా, ఇక్కడ సర్పంచమ్మ విజయరాణి నీకు మేనమామ బిడ్డట గద. జర ఒక్క మాట చెప్పరాదు. ఒక్క గంట ఇడిస్తె సాలు. ఎవ్వరికి తెల్వకుంట పోయొస్త.”

భాగీరథికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. బ్రహ్మచారి ఫ్యానుకు రెక్కలు బిగిస్తూ ఆమెవైపు చూశాడు. ఆమె వంటింట్లోకి పోయి, గిన్నెలు తోమి, బియ్యం కడిగి, మళ్లీ వచ్చి ఫోన్ తీసింది.

“వదినా, నేను భాగీరథిని. ఆ రాజమౌళిని ఇడిసిపెట్టుమని నేను అడుగుత లేను.”

“మరేందే?” అంది విజయరాణి. ఆమెకు పొద్దున్నుంచీ అది ఏడో ఫోను.

“బిడ్డనే గేటు కాడికి తెప్పియ్యి. దూరంకెల్లి చూస్తడు.”

“ఒక్కనికి చూపెడితె తతిమ్మ ఇరవైమంది ఊకుంటరా? మీ ఓడని చేసినవంటరు.”

“మరి అందరియి రప్పియ్యి.”

విజయరాణి మరునాటి నుంచి సాయంత్రం నాలుగింటికి గంటసేపు ఎవరి ఇంటివాళ్లయినా బడి గేటుకు పది అడుగుల దూరంలో నిలబడి చూసుకుని పోవచ్చని దండోరా వేయించింది. సున్నంతో గీత గీయించింది. రాజమౌళి భార్య ఆటోలో వచ్చి, గీత మీద నిలబడి, బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించింది. బిడ్డ నిద్రపోతోంది. అంత దూరం నుంచి ఎవరి పోలికో తెలియలేదని రాజమౌళి రెండు రోజులు బాధపడ్డాడు. అతని వెనక మిగతావాళ్లు తమవాళ్ల కోసం వరుసలో నిలబడ్డారు. ఎవరి పేరూ ఎవరూ ముందు పెట్టలేదు, ముందొచ్చినవాళ్లు ముందు చూసుకున్నారు.

అయిదోరోజు విజయరాణి ఫోన్ చేసి భాగీరథిని తిట్టింది. “నువ్వు ఒక్క పిల్లను చూపెట్టుమంటివి. ఇయ్యాల ఒకాయన తన బర్రెను తోలుకరమ్మంటుండు. ఆయన పోయినకాన్నుంచి పాలియ్యట్లేదట. చూస్తె ఇస్తదట. నేనేం చెయ్యాలె చెప్పు.”

ఫోన్ స్పీకరులో ఉంది. వెంకటవ్వ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. బ్రహ్మచారి కూడా పానా పక్కన పెట్టాడు.

“తెప్పియ్యి వదినా, ఏమైతది,” అంది భాగీరథి.

వెనక గది తలుపు కొంచెం తెరుచుకుంది. పన్నెండు రోజులుగా అక్కతో మాట లేని చిరంజీవి తల బయటికి పెట్టి, “ఎవరి బర్రెనే?” అనడిగాడు.

“కూసో, చెప్త,” అని భాగీరథి చాప మీద జరిగి చోటిచ్చింది.